పేదలకంటే ఉన్నవాళ్లకే జబ్బులు ఎక్కువని సర్వేలో వస్తే, తప్పు ఎక్కడ వెతకాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఆరోగ్య అసమానతల మీద పీహెచ్‌డీ చేస్తున్నారు. పైలట్ సర్వేలో "గత పదిహేను రోజుల్లో మీ ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసిందా?" అని అడిగారు. పేద ఇళ్లలో "లేదు" అన్నవాళ్లే ఎక్కువ, కలిగిన ఇళ్లలో జబ్బులు బాగా తేలాయి. పేదలకే జబ్బులు ఎక్కువన్న మీ పరికల్పన తప్పింది, మార్చుకోమని గైడ్ అన్నారు. మంచాన ఉన్నవాళ్లను ఎవరు చూసుకుంటారని అడిగితే చాలా ఇళ్లలో "అందరం చూసుకుంటాం" అన్నారు. ఇప్పుడేం చేయాలి?

పరికల్పన జోలికి ఇప్పుడే పోకండి. మార్చాల్సింది ప్రశ్నావళి. పైలట్ డేటాను మాత్రం పారేయకండి, దానితో ఇంకా పని ఉంది.

మీరు అడిగిన ఆ ఒక్క ప్రశ్న జబ్బును కొలవదు. "జబ్బు చేసింది" అని ఒక మనిషి నోట రావాలంటే మూడు జరగాలి. ఒంట్లో ఏదో తేడా ఉండాలి. దానికి ఎవరో ఒక పేరు పెట్టి ఉండాలి. ఆ పేరు చెప్పి కాస్త ఆగి కూర్చునే వీలు ఉండాలి. నెలల తరబడి నడుంనొప్పితోనే కూలికి వెళ్తున్న మనిషికి మొదటిది ఉంది, మిగతా రెండూ లేవు. అందుకే "జబ్బేం లేదు, బాగానే ఉన్నా" అంటారు, అందులో అబద్ధం ఏమీ లేదు. రోజూ బీపీ మాత్ర వేసుకునే వ్యక్తికి ఏ బాధా తెలియకపోవచ్చు, కానీ డాక్టర్ చెప్పారు కాబట్టి "ఉంది" అంటారు. అమర్త్య సేన్ 2002లో సరిగ్గా ఈ చిక్కునే ఎత్తిచూపారు: భారత రాష్ట్రాల్లో ఆయుర్దాయం బాగా ఎక్కువున్న కేరళలోనే జనం చెప్పుకునే జబ్బులూ ఎక్కువ, ఆయుర్దాయం తక్కువున్న బిహార్‌లో చెప్పుకునేవి తక్కువ. చదువు, ఆసుపత్రి అందుబాటులో ఉన్నచోట జబ్బు కంటికి కనిపిస్తుంది. మీ పైలట్‌లో వచ్చింది ఇదే కావచ్చు. అంటే మీరు వెతుకుతున్న అసమానత ఆ జవాబులోనే ఉంది, రోగం కాలమ్‌లో కాకుండా గుర్తింపు కాలమ్‌లో.

అయితే ఈ మాట గైడ్‌కు చెప్పేముందు, చేతిలో ఉన్న డేటాతోనే ఒకటి సరిచూసుకోండి: వయసు. ఉన్నవాళ్లు ఎక్కువకాలం బతుకుతారు, వాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లు ఎక్కువ, పెద్దవాళ్లకు జబ్బులు ఎక్కువ. 0-14, 15-44, 45-59, 60 పైన అని నాలుగు ముక్కలు చేసి ప్రతి ముక్కలో పేద, ధనిక తేడా విడిగా చూడండి. తర్వాత రెండు వర్గాలకూ ఒకే వయసు తూకాలు వేసి సగటు కట్టండి. తేడా సగానికి సగం అక్కడే కరిగిపోవచ్చు. ఇది చేయకుండా ముందుకు వెళ్తే మొదటి సెమినార్‌లోనే అడ్డంగా దొరికిపోతారు.

ఇక ప్రశ్నావళి. ఒకే ప్రశ్న తీసేసి నాలుగు పొరలుగా అడగండి. మొదటి పొర పనిసామర్థ్యం. దీనికి వైకల్యాన్ని లెక్కించే ప్రశ్నలు తయారుచేసే అంతర్జాతీయ బృందం వాషింగ్టన్ గ్రూప్ వారి ఆరు ప్రశ్నలు ఉన్నాయి: చూపు, వినికిడి, నడవడం లేదా మెట్లెక్కడం, గుర్తుంచుకోవడం లేదా మనసు నిలపడం, స్నానం, బట్టలు వంటి సొంత పనులు, మాట్లాడి అర్థం చేయించడం. జవాబులు నాలుగే: ఇబ్బంది లేదు, కొంత, చాలా, అసలు చేయలేను. కనీసం ఒక దాంట్లో "చాలా" లేదా ఆపైన ఉంటే వైకల్యం ఉన్నట్టు లెక్క. "వైకల్యం", "జబ్బు" అనే మాటలు ఈ భాగంలో ఎక్కడా రాకూడదు. ఆ మాట వినబడగానే "అయ్యో, మా ఇంట్లో అలాంటిదేం లేదు" అంటారు. రెండో పొర లక్షణాలు: రెండు వారాలకు మించిన దగ్గు, నడిస్తే ఆయాసం, నిద్ర చెడగొట్టే నొప్పి ఇలా ఎనిమిది పది, ఒక్కొక్కటిగా చదివి వినిపించాలి. "ఇంకేమైనా ఉన్నాయా?" అని ఊరుకుంటే మళ్లీ చదువుకున్నవాళ్లే ఎక్కువ చెబుతారు. మూడో పొర "డాక్టర్ గానీ నర్సు గానీ ఎప్పుడైనా మీకు ఇది ఉందని చెప్పారా?" అన్నది. నాలుగోది కొలత.

కొలతకు పరికరాలు కొనే డబ్బు తక్కువుంటే బీపీ ఒక్కటి చాలు. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపుకు ఆనుడు ఇచ్చి, చేయి గుండె ఎత్తులో పెట్టి, నిమిషం ఎడంతో మూడుసార్లు తీయండి. చివరి రెండింటి సగటే తీసుకోండి. చాలామంది పట్టించుకోనిది చేతికి చుట్టే పట్టీ సైజు. సన్నటి చేతికి పెద్ద పట్టీ చుడితే బీపీ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, లావు చేతికి చిన్న పట్టీ చుడితే ఎక్కువ చూపిస్తుంది. పోషణ లేని పేదవాళ్ల చేతులు సన్నగా ఉండే చోట ఒకే సైజు పట్టీతో తిరిగితే, పేదలకు బీపీ తక్కువన్న ఫలితం మిషనే తయారుచేసి ఇస్తుంది. ముందు టేపుతో దండచేయి మధ్యలో చుట్టుకొలత తీసి, రాసుకుని, దానికి సరిపడే పట్టీ వాడాలి. ఇంకో సంగతి: 180/110 వచ్చిన మనిషికి ఏం చెబుతారో, ఎక్కడికి పంపుతారో కాగితం మీద రాసుకోకుండా బీపీ మిషన్‌తో గడప తొక్కకండి. నైతిక కమిటీ అడుగుతుందని కాదు, ఆ అంకె చూసి కూడా థ్యాంక్స్ చెప్పి వచ్చేయడం తప్పు.

నాలుగు పొరలూ ఉంటే మీ అసలు ఫలితం బయటపడుతుంది. కొలతలో బీపీ తేలినవాళ్లను, ఇప్పటికే బీపీ మందు వాడుతున్నవాళ్లను కలిపి, వాళ్లలో ముందే తెలిసినవాళ్లు ఎందరు, తెలిసినవాళ్లలో మందు వాడుతున్నవాళ్లు ఎందరు, వాడుతున్నవాళ్లలో అదుపులో ఉన్నది ఎందరికి అని ఆస్తి వర్గాల వారీగా మెట్లు మెట్లుగా చూడండి. ఏ మెట్టు దగ్గర పేదలు జారిపోతున్నారో అక్కడే మీ థీసిస్.

జవాబు ఎవరు చెప్పారన్నది ఇంకో పెద్ద చిల్లు. ఇంటిపెద్ద అందరి తరఫునా చెబితే తన జబ్బు, పిల్లల జబ్బు చెబుతారు, కోడలిదీ ముసలమ్మదీ మరుగున పడిపోతాయి. పెద్దవాళ్లందరినీ వాళ్ల నోటితోనే చెప్పనివ్వండి. కుదరకపోతే ప్రతి మనిషి వరుసలో "ఎవరు చెప్పారు" అని ఒక కాలమ్, "అడిగేటప్పుడు పక్కన ఎవరున్నారు" అని ఇంకో కాలమ్ పెట్టండి. విశ్లేషణలో ఈ రెండు కాలమ్‌లు మీరు ఊహించనంత పనికొస్తాయి.

ఎంతకాలం వెనక్కి గుర్తుచేసుకోమని అడగాలన్న విషయానికొస్తే, ఓపీ చికిత్సకు 15 రోజులు, ఆసుపత్రిలో చేరినదానికి 365 రోజులు అడగడం సరైనదే. కానీ ఇంటి సభ్యుల జాబితా రాసేటప్పుడే "ఈ ఏడాదిలో ఈ ఇంట్లో ఎవరైనా చనిపోయారా?" అని అడగాలి. చనిపోయినవాళ్లు జాబితాలో ఉండరు, వాళ్ల చివరి నెలల ఆసుపత్రి రోజులు, ఖర్చు వాళ్లతోపాటే పోతాయి. మరణాలు ఎక్కువున్న వర్గం నుంచే ఎక్కువ జారిపోతుంది కాబట్టి ఈ లోపం అందరికీ సమానంగా పంచుకునేది కాదు. ఈ ప్రశ్న మెల్లగా, కళ్లలోకి చూసి అడగాలని మీ ఫీల్డ్ టీంకు ప్రత్యేకంగా చెప్పండి.

ఖర్చు దగ్గర మరో ఉచ్చు ఉంది. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 3.8.2 సూచిక, 2025లో మార్చేదాకా, ఇంటి మొత్తం వినియోగంలో లేదా ఆదాయంలో వైద్యం ఖర్చు 10 శాతం, 25 శాతం దాటిన ఇళ్లలోని జనాన్ని లెక్కించేది. మీరూ అలాంటిదే వాడతారు. కానీ ఆసుపత్రికి అసలు వెళ్లనివాళ్ల ఖర్చు సున్నా, లెక్కలో వాళ్లు "సురక్షితం". అందుకే లక్షణం చెప్పిన ప్రతి మనిషినీ వైద్యం కోసం వెళ్లారా, వెళ్లకపోతే ఎందుకని అడగండి. డబ్బు, దూరం, కూలి పోతుందని, తోడు వచ్చేవాళ్లు లేక, వెళ్లినా సరిగా చూడరని: కారణాలు మీరు చదవకండి, వాళ్లు చెప్పాక ఫారంలో టిక్ పెట్టుకోండి. అవసరం ఎక్కడ ఎక్కువో మంచి వైద్యం అక్కడే తక్కువని బ్రిటిష్ డాక్టర్ జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో రాశారు. ఆ సూత్రాన్ని పరీక్షించాలంటే అవసరాన్నీ వాడకాన్నీ విడివిడిగా కొలవక తప్పదు. ఒక్క వాడకమే కొలిస్తే వెళ్లలేనితనం ఆరోగ్యంలా కనిపిస్తుంది.

"అందరం చూసుకుంటాం" సంగతి. సంరక్షణ గురించి ఇంటిని అడిగితే ఇల్లు అలాగే జవాబిస్తుంది. పనిని ముక్కలు చేసి అడగండి: స్నానం, బట్టలు వేయడం, మరుగుదొడ్డికి తీసుకెళ్లడం, మంచం మీద నుంచి లేపి కూర్చోబెట్టడం, మలమూత్రాలు ఆపుకోలేనప్పుడు శుభ్రం చేయడం, తినిపించడం. రోజువారీ పనుల కొలమానంలో ఉండే ఆరు ఇవే. ప్రతిదానికీ "నిన్న ఇది ఎవరు చేశారు?" అనండి. "మామూలుగా ఎవరు చేస్తారు?" అని అడిగితే మర్యాద కోసం అందరి పేర్లూ వస్తాయి, నిన్న అంటే ఒక్క పేరే వస్తుంది. ఆ పేరున్న మనిషిని పక్కకు పిలిచి నిన్నటి రోజును అరగంటల లెక్కన రాయించండి. ప్రతి అరగంటకూ రెండు గళ్లు ఉండాలి: చేసిన పని, దానితోపాటు సాగిన పని. ఒక చెవి మంచం వైపు పెట్టుకుని వంట చేసిన గంటన్నర ఒకే గడి ఉంటే వంటకే పోతుంది. రాత్రి ఎన్నిసార్లు లేచారో విడిగా అడగాలి, నిద్ర అని ఒక్క మాటలో కొట్టేస్తే అది పోయినట్టే. ఈ పని కోసం మానేసిన కూలి, ఉద్యోగం, చదువు ఏమైనా ఉన్నాయా అని చివరన అడగండి.

వర్గాలు ఎలా విడదీయాలి? ఆదాయం ఒక్కదాని మీదే ఆధారపడకండి. జబ్బు వల్లే ఆదాయం పడిపోయి ఉండవచ్చు, అప్పుడు ఏది కారణమో ఏది ఫలితమో తెలియదు. 15 నుంచి 20 ఆస్తి వస్తువులతో సూచీ కట్టండి, దానితోపాటు చదువునూ రెండో కొలబద్దగా వాడండి. చదువు చాలామందికి చిన్న వయసులోనే నిలిచిపోతుంది, నిన్నటి జబ్బు దాన్ని మార్చలేదు. దాదాపు అందరికీ ఉన్న వస్తువు, దాదాపు ఎవరికీ లేని వస్తువు సూచీలో దేనికీ పనికిరావు. విరేచనాలను పరిశీలిస్తూ మరుగుదొడ్డిని, తాగునీటిని ఆస్తి సూచీలో కలిపితే కారణాన్నే కొలబద్దలో పెట్టినట్టు అవుతుంది, తీసేయండి.

పేదరికపు గీత ఒకటి గీసి ఇటు పేద, అటు పేద కాదు అని రెండుగా విడగొట్టే పద్ధతి నాకు సమ్మతం కాదు. బ్రిటన్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో ఉన్నది సుమారు 18,000 మంది పురుష ప్రభుత్వోద్యోగులు. అందరికీ జీతం ఉంది. అయినా అట్టడుగు గ్రేడ్‌లో మరణాల రేటు పై గ్రేడ్‌కన్నా దాదాపు మూడు రెట్లు, మధ్య గ్రేడ్‌లు మధ్యలో మెట్లుగా ఉన్నాయి. రెండు ముక్కలు చేస్తే ఆ మెట్లు మాయమవుతాయి.

శాంపిల్ లెక్క. పుస్తకాల్లో కనిపించే 384 మంది శాంపిల్ ఒకే శాతాన్ని ఐదు శాతం అటూఇటూగా అంచనా వేయడానికి. మీది పోలిక. ఒక వర్గంలో 30 శాతం, ఇంకోదాంట్లో 20 శాతం అనుకుంటే, 80 శాతం పవర్‌తో (నిజంగా ఉన్న తేడా సర్వేలో దొరికే అవకాశం) ఆ తేడా పట్టుకోవడానికి ఒక్కో వర్గంలో సుమారు 290 మంది కావాలి. ఒక్కో క్లస్టర్‌లో, అంటే ఒక ఊరు లేదా వాడలో, 20 మందిని తీసుకుని, ఒకే క్లస్టర్‌లోని మనుషులు ఒకరినొకరు పోలి ఉండే స్థాయి 0.05 అనుకుంటే, దానివల్ల శాంపిల్ ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే డిజైన్ ఎఫెక్ట్ 1 + 19 × 0.05, అంటే 1.95. అప్పుడు 566. పదిశాతం మంది దొరకరనుకుంటే దాదాపు 630. ఒక్కో వర్గం నుంచి క్లస్టర్‌కు 20 మంది రారు కాబట్టి ఇది కాస్త ఎక్కువ జాగ్రత్తపడిన లెక్కే. అయినా ఐదు వర్గాలంటే మూడువేలు దాటుతుంది, ఒంటరి విద్యార్థికి అది మోయలేని బరువు. మూడు వర్గాలు చాలు. లేదా మొత్తం వాలును ఒకే అంకెలో చెప్పే స్లోప్ ఇండెక్స్ వాడండి. చదువు వర్గాలు అడుగు నుంచి 40, 30, 20, 10 శాతంగా ఉంటే వాటికి 0.20, 0.55, 0.80, 0.95 అని మధ్యస్థానాలు ఇచ్చి రిగ్రెషన్ చేయడమే, అంటే వాటి మీదుగా పోయే గీత వాలు లెక్కగట్టడమే.

ఫలితాల్లో తేడాను రెండు రకాలుగానూ ఇవ్వండి. పేదల్లో 40, ధనికుల్లో 20 ఉన్నది 20, 8 అయిందనుకుందాం. తీసివేతలో 20 నుంచి 12కు తగ్గింది, భాగహారంలో 2 రెట్ల నుంచి 2.5 రెట్లకు పెరిగింది. ఒకటే చూపిస్తే సగం నిజం దాచినట్టు. జబ్బు పేదల వైపు ఎంత, ధనికుల వైపు ఎంత పోగుపడిందో ఒకే అంకెలో చెప్పే కాన్సన్‌ట్రేషన్ ఇండెక్స్ వాడితే, ఉంది-లేదు రకం ఫలితానికి అది మైనస్ 1 నుంచి ప్లస్ 1 దాకా పోదని గుర్తుంచుకోండి. సగటు 60 శాతం ఉంటే దాని హద్దు 0.4 మాత్రమే. దీన్ని సరిచేయడానికి రెండు సవరణలున్నాయి: వాగ్‌స్టాఫ్ సవరణలో ఇండెక్స్‌ను 1 మైనస్ సగటుతో భాగిస్తారు, ఎరీగర్స్ సవరణలో సగటుకు నాలుగు రెట్లతో గుణిస్తారు. ఏది వాడారో, ఎందుకో రాయండి.

గైడ్‌ను ఒప్పించడానికి వాదన కన్నా చిన్న పైలట్ మేలు. 30 ఇళ్లు తీసుకోండి. అదే మనుషులను పాత ప్రశ్న, కొత్త నాలుగు పొరలు రెండూ అడగండి, సగం ఇళ్లలో పాతది ముందు, సగం ఇళ్లలో కొత్తది ముందు. పాత ప్రశ్నకు "లేదు" అని, మెట్లెక్కడం "చాలా ఇబ్బంది" అన్నవాళ్లు ఏ వర్గంలో ఎందరో ఒక చిన్న పట్టిక వేసి ఆయన ముందు పెట్టండి. ఇంత చిన్న శాంపిల్‌లో శాతాలు రాయకండి, మనుషుల సంఖ్యే రాయండి. అదే పట్టిక తర్వాత మీ పద్ధతుల అధ్యాయంలోకి వెళ్తుంది.