తడి రోడ్డు మీద రెండు చక్రాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: జోరువానలో ఎన్నోసార్లు బండి నడిపినా నాకు ఏ ఇబ్బందీ రాలేదు. మొన్న చాలా రోజుల ఎండ తరవాత నాలుగు చినుకులు పడుతుండగా, కూడలి దగ్గర మెల్లగానే వెళుతూ బ్రేకు వేసేసరికి వెనక చక్రం పక్కకు జారి బండితో సహా పడిపోయాను. ఇంత చిన్న వానకే ఎందుకిలా జరిగింది?

జవాబు: చిన్న వాన కాబట్టే జరిగింది. పొడి రోజుల్లో రోడ్డు మీద దుమ్ము, వాహనాల నుంచి కారిన ఇంజను ఆయిలు, డీజిలు, అరిగిన టైర్ల రబ్బరు పొడి పేరుకుపోయి ఉంటాయి. జోరువాన కురిస్తే వాటిలో చాలా భాగం కొట్టుకుపోతుంది. నాలుగు చినుకులు మాత్రం ఆ మురికిని కడగలేవు సరికదా, దాన్ని తడిపి జిడ్డు బురదగా మార్చి రోడ్డంతా పులిమి వదిలేస్తాయి. అందువల్ల ఎండల తరవాత పడే తొలివానలో మొదటి అరగంటను మామూలు తడి రోడ్డు లెక్కలో చూడకూడదు. వీలుంటే ఆ కాసేపూ ఎక్కడైనా ఆగి, రోడ్డు కాస్త కడిగినట్టయ్యాక బయల్దేరడం అన్ని విధాలా మేలు.

కూడలి అందులోనూ చెడ్డ చోటు. వాహనాలు ఆగి నిలబడేది అక్కడే కనుక ఆయిలు చుక్కలు ఎక్కువగా పడేదీ అక్కడే, ముఖ్యంగా లేను నడిమధ్యన. కార్ల చక్రాలు నడిచే రెండు చాళ్లలో జిడ్డూ నీళ్లూ తక్కువగా ఉంటాయి కాబట్టి వానలో ఆ చాళ్లలో ఒకదాన్ని పట్టుకుని నడపడం అలవాటు చేసుకోండి. పైగా కూడలిలో ఆగే గీత, పాదచారులు దాటే పట్టీలు, బాణం గుర్తులు అన్నీ పెయింటే. ఆ పెయింటు కింద తారు రోడ్డు గరుకు కప్పబడిపోతుంది. మ్యాన్‌హోల్ మూతలు, ఇనుప రేకులు, రైలు పట్టాలు కూడా ఈ కోవలోకే వస్తాయి. బ్రేకు పని గీతకు ముందే, గరుకు రోడ్డు మీదే ముగించి, గీతను దాటేటప్పుడు బండిని నిటారుగా, బ్రేకూ యాక్సిలరేటరూ కదపకుండా పోనివ్వాలి. రైలు పట్టాలను వీలైనంత అడ్డంగా దాటాలి. ఏటవాలుగా వెళితే చక్రం పట్టా వెంబడే జారిపోతుంది. నీటి మీద ఇంద్రధనుస్సు రంగులు తేలుతున్నా, హెల్మెట్‌లోకి డీజిలు వాసన వచ్చినా ముందున్న రోడ్డు మీద ఏదో ఒలికిందని గ్రహించి నెమ్మదించండి.

ప్రశ్న: వానలో ముందు బ్రేకు ముట్టుకోవద్దని బండి నేర్పినవారు చెప్పారు. నా కొత్త బండికి ఏబీఎస్ (బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంది. ఇప్పటికీ ఆ మాట పాటించాలా?

జవాబు: ఆ మాట సగమే సరైనది. ముందు బ్రేకును ఒక్కసారిగా గట్టిగా పట్టుకుంటే ముందు చక్రం బిగుసుకుపోతుంది, ముందు చక్రం జారితే బండిని నిలబెట్టుకోవడం దాదాపు అసాధ్యం. ఆ భయంలోంచి పుట్టిన సలహా ఇది. అయితే బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు వాలుతుంది కనుక, తడి రోడ్డు మీద కూడా బండిని ఆపడంలో ముందు చక్రం వాటా పెద్దదే. దాన్ని వదిలేసి వెనక బ్రేకునే నమ్ముకున్నవారు ఆగడానికి ఎక్కువ దూరం తీసుకోవడమే కాక, కంగారులో వెనక చక్రాన్ని బిగించి మొదటి ప్రశ్నలోని పాఠకుడిలాగే పడతారు. తడిలో చేయాల్సింది రెండు బ్రేకులూ కలిపి వాడటం. ముందు లీవరును మొదట తేలికగా నొక్కి, బరువు ముందు చక్రం మీదకు చేరిన తరవాతే క్రమంగా ఒత్తిడి పెంచాలి. పొడి రోడ్డు మీదకంటే తడిలో బరువు ముందుకు వాలడం తక్కువ కాబట్టి వెనక బ్రేకు వాటా కొంత పెరుగుతుంది. డిస్కు మీద నీటి పొర ఉన్నప్పుడు మొదటి క్షణంలో బ్రేకు పట్టనట్టు అనిపించి, వెంటనే గట్టిగా పట్టుకుంటుంది. ఆ క్షణంలో లీవరును ఇంకా లాగేవారే ఇబ్బందుల్లో పడతారు. అవసరం రాకముందే అప్పుడప్పుడూ బ్రేకును తేలికగా తాకిస్తూ వెళితే ఆ పొర తుడుచుకుపోతుంది.

ఇక ఏబీఎస్ సంగతి. మోటారు సైకిళ్లకు ఎలక్ట్రానిక్ ఏబీఎస్ 1988లో బీఎండబ్ల్యూ కె100 బండితో వచ్చింది. వానాకాలపు ప్రయాణానికి అంతకంటే మేలు చేసిన పరికరం మరొకటి లేదని నా అభిప్రాయం. కానీ అది చక్రం బిగుసుకుపోకుండా చూస్తుందే తప్ప రోడ్డులో లేని పట్టును సృష్టించలేదు. మలుపులో బండి వాలి ఉన్నప్పుడు పక్కకు జారడాన్ని మామూలు ఏబీఎస్ ఆపలేదు. వాలు కోణాన్ని కొలిచే రకం కొన్ని బళ్లకే ఉంటుంది, అదీ ఒక మేరకే సాయపడుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ప్రమాదాన్ని గుర్తించి చేయి బ్రేకు మీద పడేసరికి ఒక సెకను పోతే, బ్రేకు పడకముందే 17 మీటర్లు గడిచిపోతాయి. పొడి రోడ్డు మీద ఆ తరవాత 20 మీటర్లలో ఆగే బండి, పట్టు సగానికి తగ్గిన రోడ్డు మీద 40 మీటర్లు తీసుకుంటుంది. ఆగే దూరం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కనుక, ఆ సగం పట్టుతోనే మళ్లీ 20 మీటర్లలో ఆగాలంటే వేగం 42కు దిగాలి. అంటే 60లో వెళ్లేవారు 18 కిలోమీటర్లు తగ్గించుకుంటే ఏ నైపుణ్యమూ లేకుండానే పొడి రోడ్డు నాటి భద్రత చాలావరకు తిరిగి వస్తుంది. ముందు వాహనం ఒక స్తంభాన్ని దాటిన తరవాత మీరు దాన్ని చేరడానికి పొడిలో రెండు సెకన్లు సరిపోతే, తడిలో నాలుగు సెకన్లు ఉండాలి. ఆ ఖాళీలోకి ఎవరో ఒకరు దూరుతారన్నది నిజమే. దూరనివ్వండి, మళ్లీ వెనక్కి తగ్గండి.

ప్రశ్న: వానాకాలంలో టైర్లలో గాలి కొంచెం తగ్గిస్తే పట్టు పెరుగుతుందని మెకానిక్ చెప్పాడు. నిజమేనా?

జవాబు: బురద దారులకు, ఇసుకకు చెల్లే సలహా ఇది, తడిసిన తారు రోడ్డుకు చెల్లదు. టైరు కింద నుంచి నీటిని పక్కకు నెట్టేది గాలి పీడనమూ టైరు మీది గాళ్లూ కలిసి. గాలి తగ్గితే టైరు అణిగి, గాళ్లు మూసుకుపోయి, నీరు బయటికి పోయే దారి తగ్గుతుంది. నిలిచిన నీటి మీద టైరు తేలిపోయే వేగం గాలి పీడనపు వర్గమూలాన్ని బట్టి మారుతుందని 1960లలో విమానాల టైర్ల మీద నాసా చేసిన పరిశోధనల్లో తేలింది. ఆ సూత్రం ప్రకారం టైరులో గాలి పీడనం 36 పీఎస్ఐ (గాలి కొట్టేచోట మీటరు చూపే కొలత) ఉన్నప్పుడు గంటకు సుమారు 100 కిలోమీటర్లుగా ఉండే ఆ వేగం, 25కు దించితే 83 దగ్గరికి పడిపోతుంది. మోటారు సైకిలు టైరు గుండ్రంగా, సన్నగా ఉంటుంది కాబట్టి అంకెలు అచ్చంగా అవే కాకపోవచ్చు, కానీ పీడనం తగ్గితే ముప్పు దగ్గరవుతుందన్న విషయంలో తేడా ఉండదు. కంపెనీ చెప్పిన గాలినే, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి.

గాలి కంటే ముందు గాళ్ల లోతు చూసుకోవాలి. గాడి అడుగున అక్కడక్కడా అడ్డంగా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. టైరు అరిగి ఆ గట్లతో సమానమైతే దాని ఆయువు తీరినట్టే. టైరు పక్కన అచ్చువేసిన నాలుగు అంకెలు తయారైన వారాన్నీ ఏడాదినీ చెబుతాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. గాళ్లు నిండుగా ఉన్నా ఏళ్లు గడిచి గట్టిపడిన రబ్బరు తడి రోడ్డును పట్టుకోదు.

ప్రశ్న: మా అబ్బాయి బండి నడుపుతుంటే నేను వెనక కూర్చుని గొడుగు పట్టుకుంటాను. మెల్లగానే వెళతాం. ఇందులో ప్రమాదముందా?

జవాబు: ఉందమ్మా. ఎదురుగాలికి గొడుగు తెరచాపలా మారి మిమ్మల్ని వెనక్కో పక్కకో లాగుతుంది, ఆ ఊపు నేరుగా హ్యాండిలు మీద పడుతుంది. గొడుగు మానేసి చొక్కా, ప్యాంటు విడివిడిగా ఉండే రెయిన్‌కోటు వేసుకోండి. ఒకే గుడ్డగా వేలాడే రకం వెనక చక్రంలో చిక్కుకునే వీలుంది కనుక అదీ వద్దు.

ప్రశ్న: నీళ్లు నిలిచిన రోడ్డులో బండి ఆగిపోయింది. అక్కడే చాలాసేపు సెల్ఫ్ కొట్టినా స్టార్టు కాలేదు. మెకానిక్ ఇంజను విప్పాలన్నాడు. నా తప్పేమిటి?

జవాబు: ఆగిపోయిన తరవాత సెల్ఫ్ కొట్టడమే. ఇంజను నడుస్తున్నంతసేపు బయటికి వచ్చే పొగ ఒత్తిడి సైలెన్సరులోకి నీటిని రానివ్వదు. ఇంజను ఆగితే ఆ అడ్డు పోతుంది. అంతకంటే ముఖ్యమైనది ఎయిర్ ఫిల్టరు. నీరు దాని ఎత్తుకు చేరితే గాలితోపాటు నీరూ సిలిండరులోకి పోతుంది. గాలిని పిస్టను నొక్కగలదు గాని నీటిని నొక్కలేదు. ఆ స్థితిలో బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మీ బండికి అదే జరిగిందో లేదో విప్పి చూసినవారే చెప్పగలరు.

ఇకముందు బండి నీళ్లలో ఆగితే తాళం తీసేసి, నెట్టుకుంటూ ఒడ్డుకు చేర్చండి. స్పార్కు ప్లగ్గు విప్పించి, సిలిండరులో నీళ్లుంటే బయటికి పోయేలా ఇంజనును తిప్పించండి. ఎయిర్ ఫిల్టరును చూపించండి. ఇంజను ఆయిలు పాలలా తెల్లబడి ఉంటే నీరు కలిసిందని అర్థం, దాన్ని మార్చకుండా బండి నడపకూడదు. అసలు అడుగు కనిపించని నీళ్లలోకి దిగకపోవడమే తెలివి. తప్పనిసరైతే మొదటి గేరులో, యాక్సిలరేటరును నిలకడగా పట్టుకుని, ఎదుటి పెద్ద వాహనం లేపే అల దాటిపోయాక దిగండి. బయటికి వచ్చాక బ్రేకులను తేలికగా నొక్కుతూ కొంత దూరం వెళ్లండి. డ్రమ్ము బ్రేకు ఆరడానికి డిస్కు కంటే ఎక్కువసేపు పడుతుంది.

ప్రశ్న: కళ్లజోడు, హెల్మెట్ అద్దం రెండూ ఆవిరి పట్టి దారి కనిపించదు. అద్దం ఎత్తితే వాన కళ్లలో కొడుతోంది. ఏం చేయాలి?

జవాబు: అద్దాన్ని పూర్తిగా ఎత్తకుండా ఒక మెట్టు మాత్రం తెరిచి, హెల్మెట్ గాలి రంధ్రాలను తెరిచి ఉంచండి. అద్దం లోపల అతికించే పిన్‌లాక్ పొర దొరికితే అంతకు మించినది లేదు. అయితే అది కళ్లజోడుకు సాయపడదు, దానికి ఆవిరి పట్టనివ్వని ద్రవం విడిగా పూయాలి. గీతలు పడిన అద్దం రాత్రి వానలో ఎదుటి లైట్లను చెదరగొడుతుంది, దాన్ని మార్చేయండి. నల్ల అద్దం వానలో పనికిరాదు.

ప్రశ్న: రోజూ వానలో తిరిగితే చైను ఎన్నాళ్లకొకసారి చూసుకోవాలి?

జవాబు: వానలో తిరిగిన ప్రతిసారీ. నీరు చైను మీది నూనెను కడిగేస్తుంది, మర్నాటికే తుప్పు రంగు కనిపిస్తుంది. ఇంటికి చేరగానే గుడ్డతో తుడిచి, చైను ఇంకా వెచ్చగా ఉండగానే, కింది వరసకు లోపలి వైపు నుంచి చైను లూబు కొట్టి రాత్రంతా వదిలేయండి. బయల్దేరే ముందు పూస్తే అది పట్టకముందే చిమ్మిపోతుంది. చక్రాన్ని చేత్తోనే తిప్పాలి, ఇంజను నడుస్తుండగా గుడ్డ పెట్టి తుడవడం వేళ్లకు ప్రమాదం. లూబు టైరు మీదా డిస్కు మీదా పడకుండా వెనక ఒక అట్టముక్క అడ్డం పెట్టుకోండి.