ఎల్‌ఆర్‌ మీద రాసిన ఐదు వేలు

ప్రశ్న: నేను అనంతపురంలో ఉంటాను, రిటైరయ్యాను. బెంగళూరులో పాత తుపాకులు సేకరించే ఒక కలెక్టర్ దగ్గర పాత జర్మన్ డయానా 27 ఎయిర్ రైఫిల్ రూ.62,000కు కొన్నాను. పెట్టుబడిగా పనికొస్తుందని నా ఆలోచన. అందులో 50,000 మా ఆవిడ గొలుసు కుదువ పెట్టి, నూటికి రూపాయి వడ్డీకి తెచ్చింది. మార్చి 3న ఆయన దాన్ని లారీ పార్శిల్‌లో వేశాడు. గోడౌన్ నుంచి తెచ్చుకుని విప్పితే చెక్క మెడ దగ్గర చీలిపోయి ఉంది. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు ఐదు వేలకు మించి రాదంటున్నారు. అమ్మినాయన 20,000 ఇస్తానంటున్నాడు, లేదంటే తుపాకీ వెనక్కి పంపితే 45,000 ఇస్తానంటున్నాడు. రిపేరుకు 9,000 అడిగారు. తెలిసిన ఇద్దరు కలెక్టర్లు ఇప్పుడున్నట్టుగా 35,000, రిపేరు చేస్తే 45,000 పలుకుతుందన్నారు. కేసు వేయమంటారా?

జవాబు: తుపాకీ, పార్శిల్ అన్న రెండు మాటలు ఒకే ఉత్తరంలో చూసి మొదట కొంచెం ఉలిక్కిపడ్డాను. 0.177 బోరు (గొట్టం లోపలి వ్యాసం, అంగుళాల్లో), 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కు 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. మీది ఆ లెక్కలోదే అనుకుని రాస్తున్నాను. లైసెన్స్ ఉండాల్సిన తుపాకీ అయితే ఈ ఉత్తరం నాకు కాదు, ముందు స్టేషన్‌కు వెళ్లాలి.

మీరు పంపిన ఫోటోల్లో నేను ఎక్కువసేపు చూసింది చీలికను కాదు, ఎల్‌ఆర్‌ను, అంటే లారీ రసీదును. సరుకు విలువ అన్నచోట అమ్మినాయన రూ.5,000 అని రాయించాడు. కిరాయి 900. పక్కనే ‘ఓనర్స్ రిస్క్’ అని ముద్ర, అంటే పాడైతే నష్టం సొంతదారుదే అని. నాలుగు రూపాయలు మిగులుతాయని చాలామంది చేసే పనే ఇది. రోడ్డు రవాణా చట్టం 2007, దాని కింద వచ్చిన 2011 నియమాల ప్రకారం, పాడైతే ఎక్కువ బాధ్యత తీసుకోమని అదనంగా కట్టే ‘ఎక్కువ రిస్క్ రేటు’ కట్టకపోతే ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల బాధ్యత కిరాయికి పది రెట్లు. అంటే మీకు 9,000. కానీ అది రాయించిన విలువను దాటకూడదు. అందుకే ఐదు వేలంటున్నారు. కటువుగా చెప్పినా లెక్క తప్పు చెప్పలేదు. ఇంకో సంగతి, అక్కడ 62,000 అని రాసి ఉన్నా ఎక్కువ రిస్క్ రేటు కట్టకపోతే మీకొచ్చేది 9,000 మాత్రమే.

ఆ ఐదు వేలు మాత్రం వదలొద్దు. నష్టం జరిగిందని రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు ఇవ్వకపోతే కేసు వేసే దారే మూసుకుపోతుంది. మీకు ఆగస్టు 30తో గడువు అయిపోతుంది. ఈ వారమే రిజిస్ట్రేషన్ ఉన్న స్పీడ్ పోస్టులో పంపండి, అమ్మినాయన చేత కూడా ఒకటి పంపించండి, బుక్ చేసింది ఆయనే కదా. వాళ్లు డబ్బు ఇచ్చేటప్పుడు ‘ఇక మాకు ఎవరిమీదా ఏ బాకీ లేదు’ అన్న అర్థం వచ్చే కాగితం పెడితే సంతకం చేయొద్దు. మొండికేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరుండే ఊళ్లోనే వేయొచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు ఉండదు, రెండేళ్ల టైముంది.

ఇప్పుడు అమ్మినాయన సంగతి. ‘లారీకి ఎక్కించాక నా బాధ్యత తీరింది’ అని ఆయన అనొచ్చు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలో 39వ సెక్షన్ చాలావరకు ఆ మాటే చెబుతుంది. కానీ అదే సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. సరుకును బట్టి సబబైన షరతులతో రవాణా మాట్లాడాల్సింది అమ్మేవాడు. అలా మాట్లాడకుండా పంపి, దారిలో పాడైతే కొన్నవాడు ఆయన్నే నష్టం అడగొచ్చు. అరవై రెండు వేల వస్తువును దుప్పట్లో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, ఐదు వేలని రాయించినాయన ‘నా తప్పేం లేదు’ అనలేడు. 20,000 ఇస్తానని తనే ముందుకొచ్చాడంటే ఆ సంగతి ఆయనకూ తెలిసినట్టే.

ఎంత అడగాలి? మన జిల్లాలో వేరుశనగ నష్టం లెక్క తెలియని ఇల్లుండదు: రావాల్సిన దిగుబడికీ వచ్చిన దిగుబడికీ ఉన్న తేడాయే నష్టం. ఇక్కడా అంతే. 62,000లో 35,000 తీసేస్తే 27,000. ట్రాన్స్‌పోర్ట్ ఐదు వేలు పోను 22,000. ఆయన 20,000 అంటున్నాడు. ఆయన దుకాణదారు కాదు, మామూలు కలెక్టర్. వినియోగదారుల కమిషన్ కుదరదు, సివిల్ కోర్టుకే వెళ్లాలి. రెండు వేల కోసం కోర్టు మెట్లెక్కమని నేను చెప్పను. 22,000 అడగండి, 20,000కు ఒప్పుకోండి.

వెనక్కి పంపి 45,000 తీసుకోవడం వినడానికి సులువే. కానీ మళ్లీ పార్శిల్, మళ్లీ కిరాయి, మళ్లీ అదే టెన్షన్. పైగా తుపాకీ ఉంచుకుంటే 35,000 విలువ, 20,000 నగదు మీ చేతిలో ఉంటాయి, మొత్తం 55,000. పది వేలు తేడా. ఆయన ఇచ్చేదాకా రిపేరు మాత్రం చేయించొద్దు. తొమ్మిది వేలు పెడితే విలువ పది వేలు పెరుగుతుంది, మిగిలేది వెయ్యి. దానికోసం సాక్ష్యాన్ని చెరిపేసుకోవడం ఎందుకు? ఎప్పుడు చేయించినా ఫర్నిచర్ పాలిష్ చేసేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. వాళ్లు గీకి మెరిపిస్తారు. కలెక్టర్‌కు ఆ పాత నిగనిగే కావాలి, బాణం పారేసి ఎయిర్ గన్ ఎత్తి పట్టుకున్న ఆ అమ్మవారి (రోమన్ల వేట దేవత డయానా) ముద్ర చెదరకుండా ఉండాలి. ఆ ఇద్దరు కలెక్టర్లనూ ధర కాగితం మీద రాసివ్వమనండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డయానా పేరుతో స్కాట్లాండ్‌లోనూ తుపాకులు తయారయ్యాయి కాబట్టి ఇది జర్మనీదే అన్న మాట అందులో ఉండాలి.

పెట్టుబడి అన్నారు. నాకు మింగుడు పడలేదు. అద్దె రాదు, వడ్డీ రాదు, గోడకు వేలాడుతుంది. గొలుసు మీద మాత్రం నెలకు 500 వడ్డీ నడుస్తోంది, ఏడాదికి ఆరు వేలు. చెక్క చీలకపోయినా ఏటా అంత ధర పెరిగితేనే మీరు ఉన్నచోట ఉంటారు. ఇష్టపడి కొన్నానంటే నేనేమీ అనను, ఇష్టానికి లెక్కలుండవు. కానీ ఇష్టాన్ని ఆవిడ గొలుసు మీద కొనకూడదు. వచ్చే 20,000, ఆ ఐదు వేలు, రెండూ చేతికందిన రోజే అసలు కింద కట్టేయండి. వడ్డీ 250కి దిగుతుంది. మిగతా 25,000కు పెన్షన్‌లోంచి నెలకు ఐదు వేల పైచిలుకు పక్కన పెడితే ఐదు నెలల్లో గొలుసు ఇంటికొస్తుంది. కేసు తేలాక కడదామని మాత్రం ఆగొద్దు.

బెంగళూరుకు పొద్దున బస్సెక్కితే రాత్రికి ఒళ్లో పెట్టుకుని తెచ్చుకునేవారు. సరే, అయిందేదో అయింది.

అట్టపెట్టె ఇంకా పారేయలేదు కదా? మూడో ఫోటోలో, సరిగ్గా చీలిక ఉన్నచోటే పైన బూటు అడుగు గుర్తు కనిపిస్తోంది. దాని పక్కన ఒక స్కేలు పెట్టి, వెలుతురులో ఇంకో రెండు ఫోటోలు ఈరోజే తీయండి.