డ్రైవర్ సీటు అంచు పాడైతే సీట్లన్నీ మార్చాలా?

ప్రశ్న: మేం సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారుకు నల్ల లెదర్ సీట్లున్నాయి. డ్రైవర్ సీటు కుడి అంచున రంగు పోయి బూడిదరంగు తేలింది, సన్నటి పగుళ్లు కూడా వచ్చాయి. షాపులో అన్నీ మార్చాలంటున్నారు. కొబ్బరినూనె రాస్తే చాలని మా అత్తగారి మాట. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అన్నీ మార్చనక్కర్లేదమ్మా. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒరుసుకునేది ఆ అంచే కాబట్టి ముందు అదే అరుగుతుంది. అయితే ఖర్చు పెట్టేముందు అది తోలో రెగ్జినో తేల్చుకోండి. చాలా కార్లలో మధ్యభాగమే తోలు, పక్కలు రెగ్జిన్. సీటు కింద కవరు అంచు తిప్పి చూస్తే, లోపలివైపు నూగులా ఉంటే తోలు, బట్ట నేత కనిపిస్తే రెగ్జిన్. రెగ్జిన్ పొరలుగా ఊడుతుంటే దానిమీద ఏ రంగూ నిలవదు. ఆ ఒక్క ముక్క విప్పించి కొత్తది కుట్టించండి.

తోలైతే మాత్రం చక్కగా బాగవుతుంది. పోయింది పైనున్న రంగు పూతే. కొబ్బరినూనె మాత్రం వద్దు. పూత ఉన్నచోట అది లోపలికి ఇంకదు, జిడ్డై దుమ్ము పడుతుంది, రేపు వేసే రంగునూ అంటనివ్వదు. షూ పాలిష్ కూడా వద్దు, బట్టలన్నీ పాడవుతాయి.

పనిలో సగం శుభ్రం చేయడమే. లెదర్ క్లీనర్‌తో మెత్తని బ్రష్ పెట్టి మురికి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిస్తే జిడ్డు పోతుంది. ఆరాక 600 నంబరు ఎమరీ పేపర్‌తో తేలిగ్గా రుద్దాలి. పగుళ్లలో లెదర్ ఫిల్లర్‌ని పలచగా పెట్టి, ఆరనిచ్చి, మళ్లీ పెట్టాలి. ఒకేసారి మందంగా పెడితే కూర్చోగానే చిట్లుతుంది. తర్వాత నీళ్లతో కలిసే లెదర్ రంగుని స్పాంజితో అద్దుతూ మూడు నాలుగు పలచని పూతలు వేయాలి. నలుపులోనూ తేడాలుంటాయి, కనపడనిచోట వేసి చూసుకోండి. చివర మెరుపు లేని క్లియర్ కోట్ తప్పనిసరి, అది లేకపోతే రంగు మీ చీరకే అంటుకుంటుంది. ఒకరోజు ఎవరూ కూర్చోవద్దు.

ఒక్క విషయంలో గట్టిగా చెబుతున్నా. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉంటే ఆ వైపు కుట్టు దగ్గర జిగురు గానీ ఫిల్లర్ గానీ పెట్టొద్దు. ప్రమాదం జరిగినప్పుడు బ్యాగు ఆ కుట్టును చీల్చుకునే బయటికి రావాలి. అక్కడ కుట్టు విడిపోయి ఉంటే సొంతంగా ముట్టుకోకుండా కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే చూపించండి. మామూలు దారంతో గట్టిగా కుట్టేసే షాపుకు మాత్రం ఇవ్వకండి.