నీ సర్వర్ ఇల్లు దాటాలంటే

ఒరేయ్ చిన్నా,

రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున్న టీ తాగుతూ చూశాను. నువ్వు పైథాన్‌లో రాసిన చాట్ సర్వర్ ఒకే లాప్‌టాప్‌లో రెండు విండోలు తెరిస్తే బ్రహ్మాండంగా నడుస్తోంది, మద్దిలపాలెంలో ఉన్న నీ ఫ్రెండుకి మాత్రం ఎంతసేపటికీ జవాబు రాక టైమవుట్ వస్తోంది, కోడ్ మొత్తం మళ్లీ రాయాలా బాబాయ్ అని అడిగావు. వద్దురా, కోడ్ జోలికి అప్పుడే వెళ్లకు.

ఒక్క లైన్ మాత్రం చూడు. సర్వర్ ఏ అడ్రస్ మీద వినాలో చెప్పే బైండ్ దగ్గర 127.0.0.1 అని రాసి ఉంటే ఆ సర్వర్ నీ లాప్‌టాప్ మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. దాన్ని 0.0.0.0 (అన్ని అడ్రస్‌ల మీదా విను అని) చేసి, అమ్మ ఫోన్ మీ వైఫైలోనే ఉంచి, దాంట్లోంచి 192.168తో మొదలయ్యే నీ లాప్‌టాప్ ఐపీకి (వైఫైలో దాని అడ్రస్) కనెక్ట్ అవ్వు. అక్కడే ఆగిపోతే బయటి కనెక్షన్లని అడ్డుకునే విండోస్ ఫైర్‌వాల్‌ని అనుమానించు. మొదటిసారి పైథాన్ నడిపినప్పుడు ఒక పెట్టె వచ్చి అనుమతి అడుగుతుంది చూడు, చిరాకుతో క్యాన్సిల్ కొట్టామంటే అది పైథాన్‌కి తలుపు మూసేసే రూల్ రాసి పెట్టుకుంటుంది, ఆ తర్వాత మళ్లీ అడగదు.

ఇక రౌటర్. ఇక్కడే నేను రెండు రాత్రులు తగలేశాను కాబట్టి నువ్వు తగలేయకు. పోర్ట్ ఫార్వర్డింగ్ (సర్వర్ వినే నంబరుకి, అంటే పోర్టుకి, బయటినుంచి వచ్చేవి లాప్‌టాప్‌కి పంపమని రౌటర్‌కి చెప్పడం) పెట్టడం, రీస్టార్ట్ చేయడం, మళ్లీ మార్చడం, మళ్లీ రీస్టార్ట్. అవతల గదిలో మీ పిన్ని సీరియల్ ప్రతిసారీ ఆగిపోయేది, ఆవిడ ఏమందో ఇక్కడ రాయలేను. చివరికి చూస్తే తప్పు నా సెట్టింగుల్లో లేనే లేదు. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ అని, రౌటర్‌కి బయటి వైపు ఉన్న అడ్రస్, ఒకటి ఉంటుంది, బ్రౌజర్‌లో నా ఐపీ ఎంత అని వెతికితే ఇంకోటి కనిపిస్తుంది. రెండూ ఒకటే అయితే నీ అదృష్టం. నా వ్యాన్ ఐపీ 100.72తో మొదలైంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అంకెలు నెట్ కంపెనీలు తమ లోపల వాడుకోడానికి 2012లో కేటాయించినవి, అంటే ఒకే బయటి ఐపీని ఎంతోమంది కస్టమర్లకి పంచుతున్నారన్నమాట. దీన్నే సీజీనాట్ అంటారు. నీ రౌటర్ మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాంటిది, ఎవరొస్తే ఏ ఫ్లాట్‌కి పంపాలో వాడికి నువ్వు చెప్పుకోవచ్చు. కానీ వీధి మొదట్లో ఇంకో గేటు, దానికి ఇంకో వాచ్‌మన్ ఉంటే వాడు నీ మాట ఎందుకు వింటాడు? నేను కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ కుర్రాడు "సార్, మీకు నెట్ అయితే వస్తోంది కదా?" అన్నాడు.

రెండు ఐపీలూ ఒకటే అయితే, ముందు లాప్‌టాప్‌కి రౌటర్లో ఒకే లోపలి ఐపీ ఖాయం చేసి, ఆ ఒక్క పోర్టే ఫార్వర్డ్ చెయ్యి. డీఎంజెడ్ అనే ఆప్షన్ కనిపిస్తుంది, ముట్టుకోకు, అది ఇంటి తలుపులన్నీ తీసేసి పడుకోవడం లాంటిది. టెస్ట్ ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటాతోనే చెయ్యి, లోపల్నుంచి మన బయటి ఐపీకే వెళ్తే చాలా రౌటర్లు దాన్ని మళ్లీ లోపలికి తిప్పి పంపవు. సాధారణంగా కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని వస్తే ఏదో ఒక మెషీన్ దాకా చేరావు, ఆ పోర్టు దగ్గర వినేవాళ్లు లేరని అర్థం. టైమవుట్ వస్తే దారిలో ఎవరో మింగేశారు. కరెంటు పోయి వచ్చాక బయటి ఐపీ మారిపోవచ్చు, దానికి, ఐపీ మారినా ఒకే పేరుతో దొరికేలా చేసే డైనమిక్ డీఎన్ఎస్ పెట్టుకో.

సీజీనాట్ అయితే నెలనెలా అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ, అంటే నీ ఒక్కడికే ఇచ్చే మారని ఐపీ, తీసుకోవచ్చు. కానీ ఒక్క ఫ్రెండు కోసమైతే ఆ డబ్బు దండగ అంటాను నేను. మీ మెషీన్లని ఒకే ప్రైవేట్ నెట్‌వర్క్‌లో కలిపే టెయిల్‌స్కేల్ యాప్ ఇద్దరూ వేసుకోండి, రౌటర్ ముట్టుకునే పనే లేదు. అందరికీ తెరవాలంటే చిన్న క్లౌడ్ మెషీన్ అద్దెకు తీసుకుని, దానికి వచ్చే కనెక్షన్లని నీ లాప్‌టాప్‌కి తెచ్చే ఎస్ఎస్‌హెచ్ రివర్స్ టన్నెల్ వెయ్యి. అక్కడ ఎస్ఎస్‌హెచ్ సెట్టింగుల్లో గేట్‌వేపోర్ట్స్ ఆన్ చేయకపోతే అది కూడా 127.0.0.1 మీదే కూర్చుంటుంది, మళ్లీ అదే రోగం.

బయటికి తెరిచాక కోడ్ సంగతి చూడు. ఒక్క సెండ్‌కి ఒక్క రిసీవ్ అని రాసుంటావు, నాకు తెలుసు. ఇంట్లో అది నడిచిపోతుంది కానీ డేటాని మోసే టీసీపీ నీ మెసేజ్ హద్దులు పట్టించుకోదు, బయట ఒకటి రెండు ముక్కలుగా రావచ్చు, రెండు అతుక్కుని రావచ్చు. ముందు పొడవు పంపి తర్వాత మెసేజ్ పంపు, ఆ పొడవుకి కూడా ఒక హద్దు పెట్టు. ఇంకోటి, నా పోర్టు తెరిచిన రోజే ముక్కూ మొహం తెలియని బాట్లు వచ్చి తట్టాయి. అవి పంపేవి నీ చాట్ మెసేజ్‌లు కావు, ఏవో పిచ్చి బైట్లు, వాటిని యూటీఎఫ్-8 అక్షరాలుగా చదవబోయి నా సర్వర్ ఢామ్మని పడిపోయింది. డీకోడ్ చుట్టూ ట్రై పెట్టు, పాస్‌వర్డ్ అడుగు, దారిలో ఎవరూ చదవకుండా దాచే టీఎల్ఎస్ లేకుండా ఆ పాస్‌వర్డ్ పంపకు, అడ్మిన్‌గా నడపకు.

ఇవన్నీ తర్వాత. ముందు ఆ వ్యాన్ ఐపీ చూసి మొదటి రెండు అంకెలు నాకు మెసేజ్ పెట్టు, స్క్రీన్‌షాట్ అక్కర్లేదు.

బాబాయ్
గాజువాక