చెడింది ఫోటోలా, యంత్రమా? మేనల్లుడికి ఒక లేఖ

హనుమకొండ

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

పరకాలలోని నీ స్టూడియోలో పెళ్లి ఫోటోలు ఒక్కొక్కటిగా పాడవుతున్నాయని, రెండుసార్లు విండోస్ కొత్తగా వేసినా గుణం కనబడలేదని నువ్వు రాసింది చదివి మనసు కలత పడింది. ఒకరి పెళ్లిని మళ్లీ తీయలేము కనుక, ముందుగా ఆపవలసిన పనులు చెబుతాను. ఆ కంప్యూటర్‌లోకి కొత్త ఫోటోలు ఎక్కించకు, కెమెరా కార్డులను ఫార్మాట్ చేయకు, విండోస్ సొంత డిస్కు పరీక్ష చెక్‌డిస్క్‌తో మరమ్మతు చేయించకు. మరమ్మతు అంటే డిస్కు మీద తిరిగి రాయడమే. ర్యామ్‌లో, అంటే పని జరుగుతున్నంతసేపు డేటా తాత్కాలికంగా ఉండే చోటులో, లోపం ఉంటే ఆ రాతే తప్పుగా పడి, బాగున్న ఫోల్డర్లు కూడా చెడిపోవచ్చు.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. దుకాణం పెట్టిన కొత్తలో ఒక స్టూడియో కంప్యూటర్ ఇదే జబ్బుతో నా దగ్గరకు వచ్చింది. హార్డ్ డిస్క్ పోయిందని తేల్చేసి, కొత్తది బిగించి, పాతదానిలోని ఫోటోలన్నీ అదే యంత్రంలో కాపీ చేసి, పాత డిస్కును ఫార్మాట్ చేశాను. తప్పు ర్యామ్‌దని తెలిసేసరికి బాగున్న ఫోటోలు కూడా ఆ కాపీలో చెడిపోయాయి. తలంబ్రాల ఫోటో ఒకటి ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది: పెళ్లికూతురు మెడ వరకు చక్కగా ఉండి, అక్కడి నుంచి కింది భాగమంతా గులాబీ రంగుకు మారి పక్కకు జరిగిపోయింది. జేపెగ్ ఫైలులో ప్రతి ముక్కా దాని ముందున్న ముక్కను ఆధారం చేసుకుని కుదించబడి ఉంటుంది కనుక, మధ్యలో ఒక్క బిట్ మారినా దాని తర్వాతి చిత్రమంతా ఇలా చెదిరిపోవచ్చు.

అందువల్ల ఏ భాగాన్నీ మార్చకముందే, చెడిపోవడం ఎక్కడ జరుగుతున్నదో తేల్చుకోవాలి. డిస్కు మీద ఉన్నదే చెడిందా, లేక చదివేటప్పుడో కాపీ చేసేటప్పుడో చెడుతున్నదా అన్నదే అసలు ప్రశ్న. ఒక పెద్ద వీడియో ఫైలు తీసుకుని, విండోస్‌లోని సర్ట్‌యుటిల్ ఆదేశంతో దాని ఎస్‌హెచ్‌ఏ-256 విలువ (ఫైలులో ఒక్క బిట్ మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి సంఖ్య) రాసుకో. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి మళ్లీ చూడు. మధ్యలో రీస్టార్ట్ చేయకపోతే, విండోస్ రెండోసారి డిస్కు దాకా పోకుండా ర్యామ్‌లో దాచుకున్న ప్రతినే చదివి చూపవచ్చు. ఫైలును ఎవరూ ముట్టకపోయినా విలువ మారిందంటే, లోపం ఎక్కువగా ర్యామ్‌లోనో, ప్రాసెసర్‌లోనో, మదర్‌బోర్డులోనో, వాటికి కరెంటు ఇచ్చే పవర్ సప్లైలోనో ఉంటుంది. హార్డ్ డిస్క్ తనలోని ప్రతి సెక్టారుకూ (డేటా రాసే చిన్న గడికీ) తన సొంత సరిచూపు కోడ్ ఉంచుకుంటుంది. చదవలేకపోతే సాధారణంగా చదవలేనని చెబుతుందే తప్ప, తప్పును ఒప్పుగా చూపించదు.

ఇంకా స్పష్టత కావాలంటే, కెమెరా కార్డులోని మంచి ఫోటోను, చెడిన దాని ప్రతిని వేరే కంప్యూటర్‌లో పెట్టి, రెండు ఫైళ్లను పోల్చే ఎఫ్‌సీ ఆదేశానికి స్లాష్ బీ (/b) చేర్చి పోల్చు. తేడా ఉన్న బైట్లు హెక్స్ అంకెల్లో (పదహారు గుర్తుల లెక్కలో) వరుసగా కనిపిస్తాయి. 5సీ ఉండవలసిన చోట 4సీ, 93 ఉండవలసిన చోట 83 ఇలా ప్రతిచోటా ఒకే బిట్ మారుతూ ఉంటే, ర్యామ్‌లో ఒక గడి చెడిందని నేను దాదాపు నిశ్చయంగా చెబుతాను. అలా కాక 4096 బైట్ల ముక్కలు మొత్తంగా సున్నాలైపోతే, రాస్తుండగా కరెంటు పోవడమో, డిస్కో, ఎస్‌ఎస్‌డీనో కారణమని అనుమానించు. విండోస్ డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్, ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే తన పట్టీని కాపాడుకుంటుంది కానీ ఫైలు లోపలి సరుకుకు అలాంటి హామీ ఇవ్వదు. సైజు సరిగ్గా ఉండి లోపల అంతా ఖాళీగా ఉండే ఫైళ్లు పుట్టేది అందుకే. నీ దగ్గర యూపీఎస్ బ్యాటరీ ఎన్నాళ్లదో కూడా చూసుకో.

ర్యామ్ పరీక్షకు మెమ్‌టెస్ట్86+ ను పెన్‌డ్రైవ్‌లో వేసి, దానితోనే కంప్యూటర్‌ను బూట్ చేయి. ఇది ఉచితం. రాత్రంతా నడవనివ్వు, మరునాడు మధ్యాహ్నం ఎండ వేడిలో మళ్లీ నడిపించు. మన వైపు రోహిణి కార్తెలో రేకుల గదిలో ఉన్న కంప్యూటర్ ఉదయం బాగుండి మధ్యాహ్నం తప్పులు చూపించడం చాలాసార్లు చూశాను. ఒక్క తప్పు వచ్చినా ఆ పరీక్ష తప్పినట్టే, ఒక్కటే కదా అని వదిలేయకు. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరవగల సెట్టింగుల్లో) ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడిపే ఎక్స్‌ఎమ్‌పీ పెట్టి ఉంటే దాన్ని తీసేసి మరోసారి చూడు. అప్పటికీ తప్పులు వస్తే, కరెంటు పూర్తిగా తీసేసి, ర్యామ్ స్టిక్కుల బంగారు గీతలను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, ఒక్కొక్కదాన్నీ ఒకే స్లాట్‌లో విడివిడిగా పరీక్షించు. ఏ స్టిక్ పెట్టినా తప్పులే వస్తే స్లాట్‌నో, పవర్ సప్లైనో చూడాలి. పవర్ సప్లై విషయంలో బాగున్నదాన్ని తెచ్చి మార్చి చూడడం కన్నా నమ్మకమైన పద్ధతి నాకు కనబడలేదు.

డిస్కు సంగతి త్వరగానే తేలుతుంది. డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్‌లో 05 (చెడి మార్చిన సెక్టార్లు), సీ5 (చదవడం కష్టమైన సెక్టార్లు) వరుసల సంఖ్యలు పెరుగుతుంటే డిస్కు పోతున్నది, ఉన్నదంతా వెంటనే వేరే చోటికి తీసుకో. సీ7 (డేటా దారిలో వచ్చిన తప్పులు) ఒక్కటే పెరుగుతుంటే ముందుగా డిస్కును బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చు. ఆ సంఖ్య ఎప్పటికీ సున్నాకు రాదు, పెరగడం ఆగిందా లేదా అనేదే చూడాలి.

కార్డులు ఎక్కడ కొన్నావో రాయలేదు. తక్కువ ధరకు వచ్చిన కార్డులో రాసి ఉన్నంత చోటు నిజంగా ఉండకపోవచ్చు; మొదటి ఫోటోలు బాగుండి, కార్డు నిండే కొద్దీ తర్వాతివి చెడుతుంటాయి. అందులోని ఫోటోలు వేరే కంప్యూటర్‌లోకి తీసుకున్నాక, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్ష ప్రోగ్రామ్‌తో కార్డు నిండా రాసి చదివి చూడు.

మెమ్‌టెస్ట్‌లో ఎర్ర వరుసలు కనబడితే, అడ్రస్ అంకెలు స్పష్టంగా కనబడేలా తెర ఫోటో తీసి పంపు. చెడిన ఫోటోలేవీ డిలీట్ చేయకు. ఆదివారం ఆ డిస్కు పట్టుకుని ఇక్కడికి రా, నా కంప్యూటర్‌కు తగిలించి కలిసి చూద్దాం.

ఇట్లు,
నీ మేనమామ