ఘాజీలు ఎవరి మాట వినేవారు: ఖలీఫా మాటా, మతపండితుల మాటా?

అబ్బాసీ ఖలీఫాల కాలంలో జీతం లేకుండా యుద్ధానికి వెళ్లిన ఘాజీలు, అంటే ఇస్లాం కోసం పోరాడే యోధులు, ఎవరికి లోబడేవారని మీరు అడిగారు. ఉద్యోగరీత్యా టర్కీలోని అదానాలో ఏడాదిన్నర ఉన్నప్పుడు నాకూ ఈ సందేహమే కలిగి, ఒక ఆదివారం రైలెక్కి తార్సూస్ వెళ్లాను. అక్కడి పెద్ద మసీదులో ఖలీఫా మామూన్ సమాధి ఉంది. పక్కనే షీత్ ప్రవక్తవి, జ్ఞాని లుక్మాన్‌వి అని చెప్పే సమాధుల దగ్గర ఇద్దరు ముసలమ్మలు చేతులు చాపి దువా చేసుకుంటున్నారు కానీ, ఖలీఫా దగ్గర మాత్రం నేనున్నంతసేపూ ఎవరూ ఆగలేదు.

తార్సూస్ అప్పట్లో క్రైస్తవ బైజాంటియం సామ్రాజ్యానికి ఎదురుగా ఖలీఫా రాజ్యపు సరిహద్దు పట్టణం. స్వచ్ఛందంగా వచ్చే ఘాజీలను ముతతవ్విఆ అనేవారు. దివాన్ (ప్రభుత్వ సైనిక) జాబితాలో పేరుండి జీతం తీసుకునే సైనికుడిపై ఖలీఫాకు ఉండే పట్టు వీరిపై ఉండేది కాదు. తూర్పున సిజిస్తాన్ (నేటి ఇరాన్, అఫ్ఘానిస్తాన్ సరిహద్దు ప్రాంతం) మొదలుకొని ప్రతి పెద్ద నగరానికీ తార్సూస్‌లో తన ఘాజీల కోసం ఒక బస ఉండేదనీ, దాని ఖర్చుకు స్వస్థలం నుంచే సొమ్ము వచ్చేదనీ 10వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ హౌఖల్ రాశాడు. మన ఊళ్లవాళ్లు తిరుపతిలో, కాశీలో కట్టించిన సత్రాలు గుర్తుకొచ్చి ఆ బసల ఆనవాళ్ల కోసం సందులన్నీ తిరిగాను; ఒక్కటీ కనబడలేదు.

తిండి ఊరివాళ్లు పెట్టినా, ఎప్పుడు కత్తి పట్టాలో, దోచిన సొమ్ము ఎలా పంచుకోవాలో చెప్పింది పండితులే. తార్సూస్ లాంటిదే మరో సరిహద్దు పట్టణమైన మస్సీసాలో స్థిరపడిన అబూ ఇస్‌హాక్ అల్ ఫజారీ యుద్ధనియమాలపై గ్రంథం రాయడమే కాక, సరిహద్దువాసుల నడవడిని కూడా దిద్దేవాడు. మధ్య ఆసియాలోని మర్వ్‌కు చెందిన అబ్దుల్లా ఇబ్న్ ముబారక్ హదీసు (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనాల) పండితుడు, వర్తకుడు, ఘాజీ కూడా; 797లో దండయాత్ర నుంచి తిరిగివస్తూ కన్నుమూశాడు. మామూలు పరిస్థితుల్లో తల్లిదండ్రుల అనుమతి లేనిదే కొడుకు యుద్ధానికి పోకూడదన్నది కూడా ఈ పండితుల నియమాల్లో ఒకటి.

ఖలీఫాలు ఈ గౌరవాన్ని పూర్తిగా పండితులకు వదిలేయలేదు. 806లో మామూన్ తండ్రి, ఖలీఫా హారూన్ రషీద్ "ఘాజీ, హాజీ" అని రాసిన టోపీ పెట్టుకుని స్వయంగా దండు నడిపాడు. పండితులు కూడా ఖలీఫాను కాదనలేదు. పాలకుడు పుణ్యాత్ముడైనా పాపి అయినా అతని నాయకత్వంలోనే యుద్ధం చేయాలన్నది సున్నీల సిద్ధాంతమైంది. ఆ మాట గట్టిగా చెప్పినవారిలో ఒకరైన అహ్మద్ ఇబ్న్ హన్‌బల్, ఖురాన్ అనాది కాదు, సృష్టించబడిందన్న మామూన్ వాదాన్ని మాత్రం ఒప్పుకోలేదు. సంకెళ్లు వేసి ఆయనను తార్సూస్‌కు తీసుకొస్తుండగా, 833లో మామూనే చనిపోయాడు. అంటే యుద్ధంలో విధేయత ఖలీఫాకు, ధర్మమేదో తేల్చే అధికారం పండితులకు అన్న పంపకం అప్పటికే జరుగుతోందని నా అభిప్రాయం.

అన్నిచోట్లా ఈ పంపకం నిలవలేదు. సిజిస్తాన్‌లో ఖారిజీలనే తిరుగుబాటు మతశాఖతో పోరాడే స్వచ్ఛంద దళంలో చేరిన యాకూబ్ అనే కంచరి 861లో ఆ దేశానికే అమీరై (పాలకుడై), 873లో ఖలీఫా ప్రతినిధులైన తాహిరీ వంశం నుంచి నీషాపూర్ నగరం లాక్కున్నాడు. 876లో అతడు ఖలీఫాల రాజధాని బాగ్దాద్ మీదికే సేనను నడిపిస్తే, దైర్ అల్ ఆఖూల్ దగ్గర అతణ్ణి ఆపడానికి ఖలీఫా ముతమిద్ తానే యుద్ధభూమికి రావలసివచ్చింది.