క్షమించాలంటే కేసు వాపసు తీసుకోవాలా?

ప్రశ్న: మా మామగారు పోయాక ఎకరం ఇరవై సెంట్ల పొలం అత్తగారి పేరు మీదికి వచ్చింది. ఆవిడ మంచాన పడి ఉన్న రోజుల్లో మా బావగారు ఆ పొలమంతా తన పేర దానపత్రం రాయించుకున్నారు. అత్తగారికి సంతకం వచ్చు. కుటుంబ బైబిల్ మొదటి పేజీలో మనవల పుట్టినరోజులు రాసింది ఆవిడే. దస్తావేజు మీద మాత్రం వేలిముద్ర ఉంది. మావారు ఆ దిగులుతోనే పోయారు. పిల్లల కోసం నేను కేసు వేశాను. బావగారు మా సంఘంలో పెద్ద. ఆదివారం కానుకల సంచి పట్టుకుని మా వరుసలోకి వచ్చేసరికి నా చేతులు వణుకుతాయి. వాళ్లింట్లో ఏదైనా కీడు జరిగితే బాగుండుననిపిస్తుంది, తర్వాత కూర్చుని ఏడుస్తాను. డెబ్బది ఏళ్ల మారులు క్షమించమన్నాడు ప్రభువు, ముందు కేసు వాపసు తీసుకో, అప్పుడే ప్రభురాత్రి భోజనానికి, ఆ రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి రా అంటున్నారు పాస్టరుగారు. నాది అంత రాతి గుండెనా అమ్మగారూ?
– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: కేసు వాపసు తీసుకోనక్కర్లేదమ్మా. ముందు ఆ మాట చెప్పి, తర్వాత మిగతావి మాట్లాడతాను.

పాస్టరుగారు చెప్పింది మత్తయి 18వ అధ్యాయం 22వ వచనం. డెబ్బది ఏళ్ల మారులంటే డెబ్బై ఏడుల సార్లు అని. అదే అధ్యాయంలో 15 నుంచి 17 దాకా కూడా చదవమనండి. సహోదరుడు తప్పు చేస్తే ఒంటరిగా వెళ్లి చెప్పాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి తెలియజెప్పాలి. ప్రభువు పెట్టిన వరుస ఇది. మీ సంఘంలో ఒక్కరైనా బావగారిని కూర్చోబెట్టి, సంతకం వచ్చిన మనిషి చేత వేలిముద్ర ఎందుకు వేయించావని అడిగారా? ఆయన్ని అడగకుండా విధవరాలిని నిలదీయడం నాకు చాలా బాధగా ఉంది. పన్నులు వసూలు చేసే జక్కయ్య ఇంటికి ప్రభువు వెళ్లిన రోజున, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నది జక్కయ్యే. పోగొట్టుకున్నవాళ్లను ఊరుకోమని ఎవరూ చెప్పలేదు.

గ్లాడిస్ స్టెయిన్స్‌గారి సంగతి మీరు వినే ఉంటారు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆవిడ భర్త గ్రాహం స్టెయిన్స్‌నీ, పదేళ్ల ఫిలిప్‌నీ, ఆరేళ్ల తిమోతినీ జీపులో నిద్రపోతుండగా తగలబెట్టారు. ఆవిడ ఆ హంతకులను క్షమించానన్నారు. కూతురితో బారిపదలోనే ఉండిపోయి, 2004 దాకా అక్కడి కుష్ఠురోగుల సేవ సాగించారు. అలాగని కేసు ఆగలేదు. అది ప్రభుత్వం నడిపిన కేసు. 2003లో శిక్షలు పడ్డాయి, ప్రధాన నిందితుడి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది. కోర్టు తన పని తాను చేసుకుపోయినంత మాత్రాన ఆ తల్లి క్షమకు ఏ లోటూ రాలేదు. మీది ఇంటి తగువు, అది మూడు ప్రాణాలు తీసిన నేరం, నిజమే. కానీ పిల్లల వాటా కోసం న్యాయం అడగడాన్ని పగ అనకూడదని చెప్పడానికే ఇంత రాశాను.

మీరు వదులుకోవలసింది వేరే ఉంది. వాళ్లింటికి కీడు జరగాలన్న ఆ కోరిక. అది దాచుకుంటే మిమ్మల్నే తినేస్తుంది. 109వ కీర్తన తీసి చదవండి. శత్రువు మీద ఎంత కోపం వచ్చినా దాన్ని తిన్నగా దేవుడి ముందే వెళ్లగక్కారు అందులో. మీరూ అలాగే చేయండి, ఇరుగుపొరుగు దగ్గర మాత్రం వద్దు. తర్వాత, నోరు రాకపోయినా సరే, బావగారి పిల్లల్ని పేరుపేరునా ప్రార్థనలో తలుచుకోండి. వాళ్లేం చేశారు పాపం! చేతుల వణుకు ఒక్కరోజులో తగ్గదు. అది తగ్గలేదు కాబట్టి క్షమించలేదని ఎవరన్నా నమ్మకండి.

క్షమించాక మళ్లీ పాతలాగా నమ్మేయాలని కూడా లేదు. తనకు చాలా కీడు చేసిన అలెక్సంద్రు అనే కంచరివాడి గురించి అపొస్తలుడైన పౌలు తన శిష్యుడు తిమోతికి రాస్తూ, ప్రతిఫలం సంగతి ప్రభువు చేతిలో పెట్టి, నువ్వూ జాగ్రత్తగా ఉండమన్నాడు. బావగారు ఏ కాగితం తెచ్చినా ఇంట్లో సంతకం పెట్టకండి.

ఇంకొక మాట. కోర్టు అనుమతి తీసుకోకుండా కేసు వాపసు తీసుకుంటే, అదే విషయం మీద మళ్లీ వేయడం కుదరదు. ఎవరు బలవంతం చేసినా ముందు వకీలుని అడగండి. ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు ఉచితంగా వకీలుని పెడతారు. బావగారు నిజంగా దిగివచ్చి పిల్లల వాటా ఇస్తానంటే లోక్ అదాలత్‌లో రాజీ రాసుకోండి. అక్కడి అవార్డు, అంటే అక్కడిచ్చే తీర్పు, కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. పాస్టరుగారి దగ్గరికి మాత్రం ఒంటరిగా వెళ్లకండి. స్త్రీల సమాజంలో పెద్దావిడని ఒకరిని వెంటబెట్టుకుని, దస్తావేజు నకలూ, అత్తగారి చేతిరాత ఉన్న ఆ బైబిలూ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టండి.